తండ్రీకొడుకుల చూరు

వేదాంతపాఠం చెప్పే పరదేశయ్యగారు కథ ఎత్తుకునే ముందు తన జ్ఞాపకాన్ని తానే శంకించేవారు. "ఊరి పేరు తప్పు చెబుతానేమో. తుఫాను ఏ ఏటిదో కూడా నమ్మకంగా చెప్పలేను" అని ఆ వేళా అన్నారు. శిష్యుడు కూర్మనాథం అడిగింది చిన్న ప్రశ్నే. "ఎవరో ఒక గురువు మాటలో దోషం ఉందని శిష్యుడికి తోచిందనుకోండి. అతడు నోరు విప్పవచ్చా?"

ఆయన అవుననలేదు, కాదనలేదు. శ్రీకాకుళం తీరాన బడులు కట్టించిన సన్యాసిరావు అనే ఆర్కిటెక్టు సంగతి చెప్పారు.

సన్యాసిరావు కట్టించిన ప్రతి బడికీ చూరు బారెడు ముందుకు సాగి ఉండేది. ఎండవేళ పిల్లలూ, సాయంత్రం వలలు బాగుచేసుకునేవాళ్ళూ దాని కిందే చేరేవారు. కొడుకు తారకేశ్వరం కూడా ఆర్కిటెక్టై, తన బడులన్నిటికీ ఆ చూరునే గీశాడు. జనం దాన్ని తండ్రీకొడుకుల చూరు అనేవారు. ఒక ఏడు తుఫాను వచ్చి ఒక బడి కప్పును ఎత్తి అవతల పారేసింది. సెలవురోజు కనుక ప్రాణాలు దక్కాయి. కారణం తేల్చడానికి తారకేశ్వరం వెళ్ళాడు. గాలి అలాంటిదని ఊరంతా అతడి నోటికి మాట అందించింది. విరిగిన వాసాల మధ్య పొద్దంతా తిరిగాక, ఆ పొడుగు చూరు కింద చిక్కిన గాలే కప్పును లేపిందని అతడికి తెలిసిపోయింది. చెబితే తండ్రి పేరూ, దానితో తన పేరూ పోతాయి. చెప్పకపోతే తక్కిన బడుల్లో పిల్లలు మళ్ళీ ఆ చూరుల కిందే కూర్చుంటారు.

ఇంటికి వచ్చి తండ్రి ఎదుట నిలబడ్డాడు. "నాన్నగారూ, తప్పు గాలిది కాదు. మన చూరుది."

"మనదంటావేమిరా? గీసింది నేను."

"నేనూ గీశాను కదండీ."

ముసలాయన పెట్టెలోంచి బడుల నక్షాలు తీసి ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. తర్వాత, "మళ్ళీ తుఫాన్ల రోజులు వచ్చేలోగా అన్నీ కోయగలమా?" అన్నాడు.

ఆ వేసవిలో ఇద్దరూ వడ్రంగులను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి, తాము సాగదీసిన చూరులన్నిటినీ మూరెడుకు తగ్గించారు. ఒక పల్లెలో చేపలమ్మే ముసలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, "ఏటి బాబూ, కట్టినోళ్ళే కోసేస్తన్నారు, మతి పోనాదేటి? మా నీడ ఏటవుతాది?" అంది.

"నీడకు విడిగా పందిరి వేయిస్తాను తల్లీ. ఎగిరితే అదొక్కటే ఎగురుతుంది, కప్పును వెంట తీసుకుపోదు" అన్నాడు సన్యాసిరావు.

అయితే మొట్టమొదటి బడి దగ్గర, అంత పేరున్న చూరు మీద రంపం వేయడానికి వడ్రంగులు జంకారు. అప్పుడు తండ్రీకొడుకుల్లో ఒకరు రంపం అందుకున్నారు.

పరదేశయ్యగారు అక్కడ ఆగారు. కూర్మనాథం నేలచూపులు చూస్తూ, "ఆ ఒకరు ఎవరండీ? తండ్రా, కొడుకా?" అని అడిగాడు.

"అది కావాలనే వదిలేశాను," అన్నారాయన, "నీ ప్రశ్నలో నువ్వు నా పేరు వదిలేసినట్టే."