నెమలి తరఫున గోరింక

అనగనగా నల్లకొండ అడవిలో నోరు మూతపడని ఒక గోరింక ఉండేది. ఆ నోటినే అది బతుకుతెరువు చేసుకుంది. ఆడేవాళ్లకు, పాడేవాళ్లకు జాతరల్లో అవకాశాలు ఇప్పించేది. "మీరు ఆడండి చాలు, మాట్లాడే పని నాది" అనేది.

ఆషాఢంలో సిగ్గరి నెమలి ఒకటి పురి విప్పి ఆడితే అడవి అడవంతా నోరెళ్లబెట్టింది. గోరింక ఆగుతుందా? రివ్వున ఏనుగుల రాణి దగ్గరికి ఎగిరి, "కార్తీక జాతరలో మా నెమలి ఆడుతుంది!" అని మాటిచ్చేసింది. "ఆట బాగుంటే ఇక అన్ని జాతరలూ నీకే అప్పగిస్తా" అంది రాణి.

"కార్తీకంలోనా అక్కా? అప్పటికి నాకు..." అని నసిగింది నెమలి.

"భయమెందుకు తమ్ముడూ, నేనున్నాగా!" అంది గోరింక.

శ్రావణంలో నెమలి మళ్లీ కదిపింది. "అక్కా, నా ఈకలు..."

"నూనె రాయిస్తాలే!" అంటూ గోరింక పొరుగు అడవుల్లో చాటింపు వేయడానికి తుర్రుమంది.

భాద్రపదంలో నెమలి కాకితో కబురంపింది. "ఒక్కసారి వచ్చి నన్ను చూసి పో అక్కా." గోరింకకు తీరిక ఏదీ? "జాతరలోనే చూస్తా" అని కాకిని తిప్పి పంపింది.

జాతర రోజు రానే వచ్చింది. గోరింక తన ముక్కుతోనే తీగల తెర లాగింది. చూస్తే ఏముంది? నెమలికి పించం లేదు! ఒక్కటంటే ఒక్క పొడవాటి ఈక లేదు!

"అయ్యో అయ్యో, ఎవరు చేశారు నీకిలా?" అని కీచుమంది గోరింక.

"ఎవరూ చేయలేదక్కా. వానలు తగ్గాక ఈకలు ఏటా రాలిపోతాయి. మూడుసార్లు చెప్పబోయాను. నువ్వు మాటిచ్చావని వచ్చి నిలబడ్డాను" అంది నెమలి, తల దించుకుని.

రాణి నిర్ఘాంతపోయింది. "నీ నెమలి సంగతి నీకే తెలియదా?" అంది.

గోరింక నోరు తెరిచింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దానికి మాట రాలేదు.

అప్పుడు నెమలే గొంతు సవరించుకుంది. "అమ్మా, ఆషాఢం వానకు రండి. తప్పక ఆడతాను."

"వస్తాను. ఇకమీదట నీ సంగతి నువ్వే చెప్పు" అంది రాణి. గోరింక వైపు మళ్లీ చూడలేదు.

గోరింక చాలా రోజులు ఏడ్చింది. చాన్నాళ్లకు ఒక కోయిల వెతుక్కుంటూ వచ్చింది. తన గొంతు గురించి సగం చెప్పి ఆగి, "అక్కా, వింటున్నావా?" అని అడిగింది.

గోరింక తలూపింది. నోరు మాత్రం విప్పలేదు.

నీతి: ఒకరి తరఫున మాట్లాడాలనుకుంటే, ముందు వాళ్ల మాట చివరిదాకా వినాలి.