మెలికల వీధిలో రాజుగారి పల్లకీ

ఒకానొక రాజ్యానికి మొగలికోట రాజధాని. దాన్ని రణధీర భూపతి ఏలుతుండేవాడు. మంచివాడే గాని, తన గొప్పతనాన్ని గురించి తాను వినడమంటే ఆయనకు మహా ఇష్టం. వందిమాగధులు బిరుదులు చదువుతూ ఒకటి మరిచిపోతే, మళ్ళీ మొదటినుంచి చదివించేవాడు.

ఆ కోటలో మెలికల వీధి అని ఒక పాత వీధి ఉండేది. కోట గుమ్మం దగ్గర బయలుదేరి, ఏటి ఒడ్డుకు చేరేలోపు అది ఎన్ని వంపులు తిరిగేదో చెప్పలేం. ఎవరికి తోచినచోట వాళ్ళు ఇల్లు కట్టుకోగా మిగిలిన జాగాయే వీధి అయింది. ఎదురెదురు ఇళ్ళ చూరులు ఒకదాన్నొకటి తాకేవి. ఈ ఇంట్లో పోపు వేస్తే ఆ ఇంట్లో తుమ్మేవారు.

ఒక దసరాకి పొరుగు రాజు అతిథిగా వచ్చాడు. ఆయన్ను తనతోపాటు ఏనుగు మీద ఊరేగించాలని రణధీర భూపతికి ముచ్చట పుట్టింది. మేళతాళాలతో ఏనుగు మెలికల వీధిలోకి వచ్చింది. మూడో మలుపులో అంబారీ రెండు చూరుల మధ్య ఇరుక్కుపోయింది. ఏనుగు ముందుకు పోలేదు, వెనక్కు రాలేదు. మేడ మీది ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చివరికి వడ్రంగి వచ్చి ఒక చూరు కోస్తే గాని రాజులిద్దరూ బయటపడలేదు.

"మీ ఊళ్ళో ఏనుగులకు సన్నబడే మందేదైనా వేస్తారా?" అని నవ్వాడు పొరుగు రాజు.

ఆ మాట రణధీర భూపతి గుండెలో ముల్లులా దిగబడింది. అతిథి వెళ్ళగానే సభ చేశాడు.

"మెలికల వీధి మొత్తం పడగొట్టండి. కోట నుంచి ఏటిదాకా బాణం వేసినట్టు రాజమార్గం వెయ్యండి. అక్కడివాళ్ళు తూర్పున కడుతున్న కొత్తపేటకు పోతారు."

మహామంత్రి దండపాణి చేతులు జోడించాడు. "దివ్యమైన ఆలోచన ప్రభూ! కొత్తపేటలో ఇళ్ళన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు, ఒకే వరస. ఒక ఇల్లు చూస్తే పేటంతా చూసినట్టే."

మర్నాడే మంత్రి మనుషులు మెలికల వీధిలో గోడగోడకూ జేగురుతో ఎర్రటి గుర్తులు పెట్టారు. దీపావళి వెళ్ళగానే ఖాళీ చెయ్యాలన్నారు. జనం బిక్కచచ్చిపోయారు. కంచరివాడు కొలిమి ఎలా మొయ్యాలా అని, గానుగవాడు పాతేసిన రోలు ఎలా పెకలించాలా అని చూస్తూ కూర్చున్నారు.

ఆస్థానంలో తిప్పన అనే హాస్యకవి ఉండేవాడు. అతని ఇల్లూ ఆ వీధిలోదే. ఇరుగుపొరుగులంతా వచ్చి అతని అరుగు మీద కూర్చున్నారు.

"రాజుగారిని నవ్వించేవాడివి కదా తిప్పనా! మా ఏడుపు కూడా కాస్త చెప్పు" అన్నాడు గానుగవాడు.

తిప్పనకు ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడు సభలో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, ఆ వీధిని తమరు ఒక్కసారి చూసి అప్పుడు..."

రాజు చెయ్యెత్తి ఆపాడు. "చూసేదేముంది? గోడలూ, మురికీ తప్ప ఆ వీధిలో ఏమీ లేదు. నా ఊరు నాకు తెలియదా? కళ్ళు మూసుకున్నా తెలుసు!"

తిప్పన చటుక్కున ఆ మాట పట్టుకున్నాడు. "కళ్ళు మూసుకున్నా తెలుస్తుందా ప్రభూ? నాకు నమ్మకం కుదరడం లేదు."

రాజు చెయ్యి మీసం మీదికి పోయింది.

"పందెం?"

"పందెమే. ఏలినవారు కళ్ళకు గంతలు కట్టుకుని పల్లకీలో కూర్చోండి. బోయీలు తమ ఇష్టం వచ్చినట్టు తిప్పుతారు. ఎక్కడెక్కడ ఉన్నారో తమరు చెప్పగలిగితే, నా ఇల్లు నేనే గునపం పట్టి పడగొట్టుకుంటాను."

"కానీ!" అన్నాడు రాజు. "ఇప్పుడే!"

దండపాణి ముందుకొచ్చాడు. "ప్రభూ, పనిలో పనిగా కొత్తపేటకు కూడా తీసుకువెళ్ళాలి. దాని గొప్పతనం కళ్ళు మూసుకున్నవారికైనా తెలియవలసిందే!"

రాజు పట్టుగుడ్డతో తన కళ్ళు తానే బిగించి కట్టుకున్నాడు. తెరలు దించారు. పల్లకీ లేచింది. తిప్పన ఒకవైపు, దండపాణి ఒకవైపు నడిచారు.

మొదట కొత్తపేటకే పోయారు. ఇళ్ళు కట్టి ఉన్నాయి గాని ఇంకా ఎవరూ చేరలేదు. పల్లకీ ఆ పొడుగు వీధిలో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరిగింది. రాజు చెవులు రిక్కించాడు. బోయీల అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తెరల్లోంచి ముఖానికి ఎండ వేడి తప్ప ఏమీ తగల్లేదు.

చాలాసేపటికి ఆయన మెల్లగా అడిగాడు. "శ్మశానానికి గాని తీసుకొచ్చారా?"

దండపాణి ముఖం కందగడ్డలా అయింది. బోయీలు పెదవులు బిగపట్టుకుని మెలికల వీధివైపు తిరిగారు.

కోట గుమ్మం దాటిన కాసేపటికే పల్లకీలో రాజు కదిలాడు.

"ఠంగు ఠంగుమంటున్నాయి కంచరుల సుత్తులు. మెలికల వీధి మొదలైంది! ఏమంటావు తిప్పనా?"

"తమరే చెప్పాలి ప్రభూ."

"ఇదిగో, నువ్వుల నూనె వాసన. గానుగ కిర్రుమంటున్నది. ఇక కుడివైపు మలుపు. బోయీలూ, జాగ్రత్త, అక్కడ ఒక రాయి లేచి ఉంటుంది!"

బోయీలు తెల్లబోయి చూసుకున్నారు. రాయి లేచే ఉంది.

"మరువం, దవనం... పూలవాళ్ళ చావడి. ఆ టంకారం దూదేకులవాడి విల్లు. ఇక్కడ ఏటిగాలి సందులోంచి దూరి చల్లగా కొడుతుంది. చెప్పానా? కొట్టింది!"

రాజు గొంతులో మొదట గెలుపు గర్వం ఉండేది. మలుపు మలుపుకీ అది తగ్గి, మరేదో చేరింది. ఆయన కేకలు వేయడం మానేసి, తనలో తాను చెప్పుకుంటున్నట్టు మాట్లాడసాగాడు. ఈ వాసనలన్నీ ఆయనకు రాజు కాకముందువి. దాది చంకనెక్కి తిరిగిన నాటివి. గుడికని రాణివాసంలో చెప్పి, దాది ఆయన్ను ఈ వీధికే తెచ్చేది. ఇక్కడ ఆయనకు బిరుదులు లేవు. వీధి పిల్లలతో గోళీలాడి ఓడిపోయి, ఏడ్చి, మళ్ళీ ఆడేవాడు.

ఒకచోట పెనం మీద జొన్నరొట్టె కాలుతున్న వాసన వచ్చింది. పక్కనే ఎవరో వెల్లుల్లి కారం నూరుతున్నారు.

"ఆపండి" అన్నాడు రాజు. "ఇది మా దాది ఇల్లు."

పల్లకీ దించారు. ఆయన గంతలు విప్పుకున్నాడు. ఇల్లు అదే. గుమ్మం పక్కన గోడ మీద అరచెయ్యంత ఎర్రటి గుర్తు. లోపల మూటలు కట్టి ఉన్నాయి. పొయ్యి దగ్గర కూర్చున్న ఆవిడ తలెత్తింది. ఆమె దాది కూతురు సుబ్బులు. జుట్టు నెరిసింది గాని రాజు వెంటనే గుర్తుపట్టాడు.

"చిన్నదొరా! వచ్చావా?" అంది ఆమె గబగబా లేస్తూ. అంతలో కిరీటం చూసి తడబడి, "తమరు... వచ్చారా?" అని సరిచేసుకుంది.

"మొదట అన్నదే బాగుంది సుబ్బులూ. దాది..."

"అమ్మ పోయి చాలా కాలమైంది బాబూ. పోయేముందు కూడా 'చిన్నదొర రొట్టె తిని వెళ్ళాడా' అని అడిగింది. నిన్ను ఎత్తుకుని ఉన్నాననుకుంది." ఆమె పీట వాల్చింది. "కూర్చో. ఇల్లు పడగొట్టేలోపు వచ్చావు, అదే చాలు. కొత్తచోట ఈ పొయ్యి ఎలా కుదురుతుందో ఏమో."

రాజు పీట మీద కూర్చుని వెల్లుల్లి కారంతో రొట్టె తిన్నాడు. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. కారానికే అనుకున్నారు చూసినవాళ్ళు.

అక్కణ్ణుంచి అందరూ సభకు తిరిగి వచ్చారు. సింహాసనం ఎక్కేసరికి రాజుకు పాత దర్పం కొంత తిరిగొచ్చింది.

"ఏమైనా పందెం నేనే గెలిచాను కదా తిప్పనా?"

"గెలిచారు ప్రభూ. గునపం తెప్పించండి, నా ఇంటితోనే మొదలుపెడతాను. పోయేముందు ఒక్క సందేహం. మెలికల వీధిలో ఏమీ లేదని తమరు ఈ సభలోనే సెలవిచ్చారు. ఏమీ లేనిచోట ఏలినవారు ఇన్ని ఎలా గుర్తుపట్టారు?"

రాజు సింహాసనం మీంచి ముందుకు వంగి అడిగాడు.

"ఒకవేళ నేను గుర్తుపట్టలేకపోయి ఉంటే?"

"అప్పుడు, ఊరు తెలియనివారు ఊరినెలా సరిచేస్తారని అడిగేవాణ్ణి ప్రభూ."

"అంటే, గెలిచినా ఓడినా నన్ను ఓడించే పందెం కట్టావన్నమాట!"

రాజు పకపకా నవ్వాడు. సింహాసనం చేతులు చరుస్తూ నవ్వాడు. సభంతా నవ్వింది, ఒక్క దండపాణి తప్ప.

"మరి ఊరేగింపుల మాటేమిటి ప్రభూ? బండ్ల మాటేమిటి?" అన్నాడతను.

తిప్పన అతనివైపు తిరిగాడు. "మంత్రిగారు అడిగింది సబబే. మా వీధిలో లోపాల్లేవని నేననను. వాన పడితే మోకాటి లోతు నీళ్ళు. నిప్పంటుకుంటే నీళ్ళ బండి రాదు. మురుగుకు కాలువ తవ్వించండి, మలుపు మలుపుకీ బావి తవ్వించండి, చూరులు కాస్త వెనక్కు కోయించండి. ఏనుగులకూ బండ్లకూ కోట బయట ఏటి ఒడ్డున ఎంత వెడల్పు బాట కావాలన్నా జాగా ఉంది. అక్కడ ఎవరి పొయ్యీ ఆరిపోదు."

"మరి నేను కట్టిన కొత్తపేట?" అన్నాడు దండపాణి.

"ఇష్టపడి వచ్చేవాళ్ళకివ్వండి. కాకపోతే ఎవరికి నచ్చిన రంగు వాళ్ళను వేసుకోనివ్వండి. కొన్నాళ్ళకు అక్కడా ఏదో ఒక వాసన పుడుతుంది."

రాజు సింహాసనం దిగి వచ్చి, తన భుజం మీది జరీ శాలువా తీసి తిప్పనకు కప్పాడు. చేతి కంకణం తీసి తొడిగాడు. ఊరి వీధుల పెత్తనం అతనికే అప్పగించాడు. మెలికల వీధి పడగొట్టే హుకుం రద్దు చేసి, ఆ పూటే ఒక శాసనం చేశాడు: మొగలికోటలో ఏ ఇల్లు పడగొట్టాలన్నా, ఆ హుకుం రాసే అధికారి ముందుగా ఆ ఇంట్లో పీట వేసుకుని ఒక పూట భోజనం చేసి రావాలి.

చాలామంది అధికారులు అలా వెళ్ళారు. కడుపునిండా తిని, ఆ ఇంటివాళ్ళతో కబుర్లు చెప్పి, తాంబూలం వేసుకుని తిరిగొచ్చారు. హుకుం రాయడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదట.