విద్వాంసుడి విస్తరి

సింగరకోట రాజావారికి రాజ్యం ఎప్పుడో పోయింది గానీ దర్బారు మాత్రం పోలేదు. ఒకరోజు పొద్దున్నే వారికి కొత్త కోరిక పుట్టింది.

"మన సంస్థానానికి సొంత పంచాంగం ప్రోగ్రాము ఉండాలి. భోజనాల వేళకి నేటి తిథి అదే చెప్పాలి!"

ఆస్థాన కంప్యూటరు విద్వాంసుడు చక్రధరరావు గంటలో ప్రోగ్రాము రాసేసి, దాన్ని తయారుచేయమని ఆదేశం కొట్టాడు. కంప్యూటరు మొరాయించింది. గ్రహస్థితి అనే పేరు వాడారు, అదెక్కడుందో దొరకలేదు అంటూ తెరమీద ఎర్రక్షరాలు.

గ్రహాల లెక్కలన్నీ విడిగా లైబ్రరీ అనే ఫైలులో ఉన్నాయి. విద్వాంసుడు ఆదేశంలోంచి దాని పేరు తీసి, అక్కడే పెట్టాడు. మళ్లీ తీసి మళ్లీ పెట్టాడు. మూడోసారి కంప్యూటరుకి గంధం బొట్టు కూడా పెట్టాడు. అవే ఎర్రక్షరాలు. ఇక మహామేధావులు చేసే పనే చేశాడు.

"ప్రభూ, కంప్యూటరు గది చూసే నూకరత్నం లైబ్రరీని పాడుచేసింది."

నూకరత్నానిది ఏడేళ్ల ఉద్యోగం. రాజావారు సంజాయిషీలు వినే రకం కాదు.

"భోజనాల్లోగా బాగుచెయ్యమ్మా. లేదా, గది తాళాలిచ్చి వెళ్లు."

ఆమె లైబ్రరీ తెరిచి చూసింది. గ్రహస్థితి అందులో నిక్షేపంగా ఉంది. తర్వాత విద్వాంసుడు కొట్టిన ఆదేశం చదివింది. వచ్చిన నవ్వు మింగేసింది.

"ప్రభూ, ఈ ఆదేశంలో ఒక్క అక్షరం కలపను, ఒక్కటీ తీసెయ్యను. పనిచేయిస్తాను."

"చేయిస్తే నా పదవి నీదే!" పకపకా నవ్వాడు చక్రధరరావు.

ఆదేశంలో ప్రోగ్రాము పేరుకి ముందున్న లైబ్రరీ పేరుని ఆమె దాని వెనక్కి జరిపింది. అంతే. తెరమీద బహుళ పంచమి పడింది.

చక్రధరరావు మూతి ముడిచాడు. "ఏదో గాలివాటం! లైబ్రరీ ముందుంటేనేం, వెనకుంటేనేం? ఉంది కదా!"

"విద్వాంసులవారి మాట కాదనగలమా?" అంది నూకరత్నం. " ఈ పూట వారి వడ్డన వారి పద్ధతిలోనే జరిపించడానికి సెలవివ్వండి ప్రభూ."

రాజావారు వేడుకగా తలూపారు.

పంక్తిలో అందరి ముందూ విస్తళ్లు పడ్డాయి, చక్రధరరావు ముందు తప్ప. గుత్తివంకాయ, ముద్దపప్పు, పొగలు కక్కే అన్నం వరసగా వచ్చాయి. విస్తరి లేనిచోట వడ్డించేవాళ్లెవరూ ఆగలేదు. వాళ్లు ఆ చివరికి చేరాక నూకరత్నం వచ్చి, ఎంతో వినయంగా ఆయనకు విస్తరి వేసింది.

"అన్నమేదీ? వంటింట్లో నిండుకుందా?" అని చక్రధరరావు గర్జించాడు.

"లేదండీ. గుండిగెడు ఉంది. ఇప్పుడే మీ ముందునుంచి వెళ్లింది."

"మరి నాకు పెట్టలేదేం?"

"అన్నం వచ్చినప్పుడు మీ విస్తరి లేదండీ. విస్తరి పడేసరికి వడ్డన దాటిపోయింది. మీ కంప్యూటరూ అంతే, వరసలో ఒక్కసారే నడుస్తుంది; ప్రోగ్రాము అనే విస్తరి పడకముందే లైబ్రరీ అనే అన్నం వస్తే దాటిపోతుంది, వెనక్కి తిరగదు!"

రాజావారికి నవ్వుతో పొలమారింది. పంక్తంతా ఘొల్లుమంది. వారు ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని, ఎడంచేత్తో మెడలోని పగడాల దండ తీసి నూకరత్నానికిచ్చి, ఆస్థాన పదవి కూడా ఆమెదేనన్నారు.

మాజీ విద్వాంసుడు ఖాళీ విస్తరి ముందు బుద్ధిగా కూర్చుని, మారు వడ్డన కోసం ఎదురుచూస్తున్నాడు.