నోరు తెరవని ‘ఊ’

వంక గట్టున నిలబడి మీరూ చూశారు కదా. ఏం చూశారో చెప్పండి. నీళ్ళు నమలకుండా చెప్పండి.

పాదాలకు గోనెగుడ్డలు చుట్టుకున్న మనుషులు ఎండిన వంకలో వరుసగా నడుస్తున్నారు. ఒక్క గులకరాయి చప్పుడు లేదు. ముందున్నవాడు చెయ్యెత్తితే చిట్టచివరివాడిదాకా ఒక్కసారే ఆగిపోతున్నారు. నాయకుడు గొంతు తగ్గించి ఏదో చెబుతాడు. అందరూ పెదవి విప్పకుండా ‘ఊ’ అంటారు. ఎంత మంచి దండు అంటారు మీరు. కదిరిపతినాయుడూ అదే అనేవాడు.

కదిరిపతి ఒక పాళెగాడి దగ్గర దళవాయి, దండును నడిపేవాడు. పక్క పాళెగాడు కోతల రోజుల్లో వీళ్ళ ఊరొకదాని మీద పడి, ఆడా మగా ముసలీ ముతకా అందరినీ తోలుకుపోయి కనుమ అవతల కోటలో పెట్టాడు. ఇప్పుడు ఆ కోటను గెలవనక్కర్లేదు. చీకట్లో కనుమ దిగి, వెనక వాకిలి తెరిచి, ఆ మనుషుల్ని ప్రాణాలతో తీసుకొచ్చేస్తే చాలు. మామూలు యుద్ధానికి అలవాటుపడ్డవాళ్ళతో అయ్యే పని కాదది. అందుకని కదిరిపతి ఏరి ఏరి మనుషుల్ని పెట్టుకున్నాడు. ఎండిన వంకలో తాళ్ళు కట్టి కనుమ ఎంత ఇరుకో అంత ఇరుకు చేశాడు. బండలు పేర్చి కోట వాకిలి నిలబెట్టాడు. శివరాత్రి దాటిన దగ్గర్నుంచీ అదే సాధన.

‘చిత్తం’ అంటే కనుమలో మారుమోగుతుందని, మాటకు జవాబుగా ‘ఊ’ పెట్టాడు. ‘ఎందుకు’ అన్నవాణ్ణి నడినెత్తికి పొద్దెక్కేదాకా ఎండలో నిలబెట్టాడు. అలా ఇద్దరు ముగ్గురు నిలబడ్డాక దండులో ఆ మాట చచ్చిపోయింది.

ఇంత చేసినా, బయలుదేరే రోజు దగ్గరపడేకొద్దీ అతనికి కంటిమీద కునుకు లేదు. లోపల ఒక ముల్లు ఉంది. దాన్ని పట్టుకుని ఒక ఉదయం గుట్టెక్కి బుడన్ తాత దగ్గరికి వెళ్ళాడు.

బుడన్ తాత ఇప్పుడు ఫకీరు. ఒకప్పుడు సాము నేర్పిన గురువు. కదిరిపతి తండ్రికీ, కదిరిపతికీ కర్ర పట్టించింది ఆయనే. పిచ్చుకలకు కొర్రలు చల్లుతూ కూర్చున్నాడు.

“తాతా, మా మామ దండు వరదకు కొట్టుకపోయింది నీకు తెలుసు గదా. రాత్రి వంకలో పడుకున్నారంట. పైన కొండలమీద మబ్బు కమ్ముకునిందంట. మబ్బు పడితే వంకలో పడుకోగూడదని మన సీమలో పాలు తాగే బిడ్డకు గూడా తెలుసు. అంతమందిలో ఒక్కనికి తెలీకపాయెనా?”

తాత కొర్రలు చల్లడం ఆపలేదు. నీ వాళ్ళకు తెలుసా అని అడిగాడు. కదిరిపతి నొచ్చుకున్నాడు. తన దండు వేరన్నాడు. చెప్పింది చెప్పినట్టు చేస్తారన్నాడు. మాట జవదాటేవాడు ఒక్కడు లేడన్నాడు.

అయితే ఒక మాట తానూ చెప్పి చూస్తానని తాత లేచాడు. మోకాళ్ళు పట్టుకుని గుట్ట దిగాడు.

దండు వంకలో చతికిలబడి కూర్చుంది. తాత వాళ్ళ ఎదుట కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. పక్కనే కదిరిపతి.

“ఎల్లుండి అమావాస్య. పొద్దు కుంకినాక పోయి కనుమ నోట్లో కూర్చోండి. చంద్రుడు పొడిచేదాకా ఎవడూ కదలొద్దు. చంద్రుడు పొడిచినాక, ఆ వెలుగులో దిగండి.”

“ఊ” అంది దండు. ఒకే గొంతు. పక్కనుంచి కదిరిపతి ముక్కు కూడా ‘ఊ’ అంది.

తాత ముందు వరుసలో ఉన్న గిడ్డన్నను లేపి, విన్నది తిరిగి చెప్పమన్నాడు. గిడ్డన్న పొల్లు పోకుండా ఒప్పజెప్పాడు. కదిరిపతికి ఛాతీ పొంగింది.

“శబాష్. ఏమిరా గిడ్డన్నా, అమావాస్య నాడు చంద్రుడు యాడనుంచి పొడుస్తాడు?”

గిడ్డన్న అటు చూశాడు, ఇటు చూశాడు.

“నువ్వు చెప్తే పొడుస్తాడేమో అనుకుంటి తాతా. నాయుడు గూడా ఊ అనె.”

వెనకెవడో కిసుక్కుమన్నాడు. తాత నవ్వలేదు. కదిరిపతికి మాత్రం చెవులదాకా వేడెక్కింది.

వింటున్నప్పుడే ఆ తప్పు తెలిసినవాళ్ళను చేతులెత్తమన్నాడు తాత. ఒక్క చెయ్యి లేవలేదు. తాత కదిరిపతి భుజం పట్టుకుని అతన్ని కొండవైపు తిప్పాడు. మళ్ళీ అడిగాడు.

కదిరిపతికి కొండ తప్ప ఏమీ కనిపించడం లేదు. వీపు వెనక బట్టలు రాసుకుంటున్న చప్పుడు. మొదట ఒకటి, తర్వాత అక్కడొకటి ఇక్కడొకటి, తర్వాత గాలి వీచినట్టు అంతటా.

ఆగలేక తిరిగి చూశాడు. జొన్నచేను లేచినట్టు లేచాయి చేతులు. అతని చూపు తగిలిన చోట మెల్లగా దిగిపోతున్నాయి.

అప్పుడు కనపడ్డారు అతనికి మామ దండులోని వాళ్ళు. మబ్బును చూస్తూ, చూస్తూనే వంకలో పడుకున్నవాళ్ళు.

దళవాయి అనేవాడు ఎన్నడూ చేయని పని చేశాడు కదిరిపతి. దండుకు ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. కనుమ దిగడం దగ్గర్నుంచి మనుషుల్ని తీసుకుని తిరిగొచ్చేదాకా తన ఆలోచనంతా మొదట్నుంచి చెప్పాడు. ఇందులో తప్పుంటే చెప్పమన్నాడు. ఎవరినీ ఎండలో నిలబెట్టనన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. ‘ఊ’ కూడా అనలేదు. నాలుగు నెలలు నిశ్శబ్దం నేర్చినవాళ్ళే కానీ, ఆ నిశ్శబ్దం మోయడం వాళ్ళకు కష్టంగా ఉంది. గోళ్ళతో ఇసుక గీస్తున్నారు.

చివరికి సుంకన్న లేచాడు. ఎండలో నిలబడ్డవాళ్ళలో అతనొకడు. కళ్ళు నేలమీంచి ఎత్తకుండా మాట్లాడాడు.

“నాయుడా, మా ఇంట్లో చంటిబిడ్డ ఉండాది. అందుకని తోచింది. నోరు మూసుకొని నడిచేది మనం నేర్చినాము. ఆ కోటలోనించి మనం ఎత్తుకొచ్చే బిడ్డలు నేర్చలేదు గదా. కనుమ మధ్యలో ఒక్క బిడ్డ ఏడిస్తే ఏం గావాల?”

కదిరిపతి ఒళ్ళు భగ్గుమంది. సుంకన్న చెప్పింది తప్పని కాదు. ఒప్పని. ఇన్ని నెలల సాధన, ఇన్ని తాళ్ళు, ఇన్ని బండలు ఒక పసిబిడ్డ గొంతు ముందు నిలబడవని అతనికి ఆ క్షణమే తెలిసిపోయింది. చెయ్యి మీసం మీదికి పోయింది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావురా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏం చేస్తున్నాడో తనకు తెలుసు. ఎండలో నిలబడ్డాడు.

తాత వంగి అతని చెవిలో అన్నాడు.

“వాడు చెప్పేది చెప్పేసినాడు. ఇప్పుడు అందురూ నీ మొగం చూస్తాండారు.”

మీసం మీది చెయ్యి దిగింది. దిగడానికి చాలాసేపు పట్టింది. కదిరిపతి తన పక్కన ఇసుకను తట్టాడు.

“ఇట్ల వచ్చి కూచో సుంకన్నా. ఏం చేస్తే బాగుంటాదో చెప్పు.”

తనకూ తెలియదన్నాడు సుంకన్న. కానీ వెనక ఒకడికి ఏదో తోచింది. తల్లుల్నీ బిడ్డల్నీ ముందే దాటించాలన్నాడు. ఇంకొకడు అది కుదరదన్నాడు. మూడోవాడు మేకలమందను కనుమలో తోలుకుపోదామన్నాడు, మేకపిల్లల అరుపుల్లో పసిబిడ్డ ఏడుపు ఎవడికి తెలుస్తుందని. మేకలు నీ మాట వింటాయా అని గిడ్డన్న వేళాకోళం చేశాడు. నువ్వే ఊ కొట్టగా లేంది, అవి కొట్టవా అన్నాడు వాడు. వంకలో మొదటిసారి గోల లేచింది. ఆ గోలలో కదిరిపతి ఒకరి తర్వాత ఒకరిని అడుగుతూనే ఉన్నాడు.

ఆ అమావాస్యకు దండు కదలలేదు. మేకలతో కలిసి నడవడం నేర్చుకుని, పై అమావాస్యకు పోయింది. మంద వెంట చెరలోని మనుషులు తిరిగొచ్చారు, చంకల్లో బిడ్డలతో.

వాళ్ళ సంగతి అది. మీ కొలువులోనో, మీ ఇంట్లోనో మీ మాట కాదన్నవాడు ఒకడు ఉండే ఉంటాడు. అతన్ని మీరు ఎక్కడ నిలబెట్టారు?