గువ్వలేటి కడపటి దోసెడు

అనగనగా ఒక రాజు. ఆయన రాజ్యం చిన్నది, అందులో పారే గువ్వలేరు ఇంకా చిన్నది. మోకాలి లోతు ఏరు! అయినా ఊళ్ళన్నీ ఆ నీళ్ళే తాగేవి. ఏటి వెంబడి కొండల దాకా ఒక కాలిబాట ఉండేది. సాయంత్రమైతే పిల్లా పెద్దా ఆ బాటమీదే షికారు.

ఒక ఏడు ఏరు ఎండిపోయింది.

రాజు తన ముగ్గురు కొడుకులనూ పిలిచి, "నెల తిరిగేలోగా నీళ్ళు రాకపోతే జనం ఊళ్ళు విడిచి పోతారు నాయనా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెద్దవాడు ఏడు సముద్రాల నీళ్ళు తెస్తానని ఓడ ఎక్కాడు. అవి ఉప్పునీళ్ళని చెబితే వింటేగా! రెండోవాడు కోట ముందు బావి తవ్వించాడు. దుమ్ము పడింది. చిన్నవాడు మణికేతుడు మాత్రం, "ఏరు ఎక్కడ ఆగిందో చూసొస్తాను" అని కాలిబాట పట్టాడు.

నడిచి నడిచి నాలుక పిడచగట్టింది. ఏటి ఇసుకలో మేకలకాపరి పిల్ల నాంచారి చెలమ తవ్వుతోంది. గుంటలో ఊరిన నీళ్ళు అడిగి తాగి, మణికేతుడు లేచాడు.

"ఏమయ్యా, తాగి లేచిపోవడమేనా?" అంది నాంచారి. "కడపటి దోసెడు ఆకుదొన్నెలో పోసి పిట్టకు పెట్టాలి. మా ఏటి మర్యాద అది."

"నాకు తెలియదమ్మాయ్, తప్పయింది" అని అతను దొన్నె కుట్టి నీళ్ళు పెట్టాడు.

ఒక ఉడత వచ్చి తాగి, "నీ కడుపు చల్లగుండ! కొండమీది మాయావి ఈ ఏటిలో కలిసే ఏడు వాగులనూ పట్టి కాగులో పోసి మూత బిగించాడు" అంది.

రెండో చెలమ దగ్గర తాబేలు తాగి, "వాడి ప్రాణం ఒక పిట్టలో ఉంది. బాటమీద తిరిగే జనం కంట అది పడుతుందని భయం. ఏరే లేకపోతే బాటకు ఎవరొస్తారు?" అంది.

మూడో చెలమ మాయావి గుహ ముందే. ఎంత తవ్వినా ఊరింది ఒక్క దోసెడు. పక్కన పంజరంలో లకుముకి పిట్ట నోరు తెరుచుకుని ఉంది. మూత రవ్వంత తీసినా వాగులు పారిపోతాయని మాయావి దానికి గుక్కెడు కూడా పొయ్యలేదు. పిట్టతోపాటు వాడూ వడలిపోయి గుహలో పడి ఉన్నాడు.

మణికేతుడికి కళ్ళు తిరుగుతున్నాయి. అయినా పంజరం తలుపు తీసి, ఉన్న ఒక్క దోసెడూ పిట్టకే పెట్టాడు. అది తాగగానే మాయావి దిగ్గున లేచి కూర్చున్నాడు! అప్పటికే పిట్ట మణికేతుడి భుజంమీద ఉంది.

"దాన్ని చంపకు బాబూ!" అన్నాడు మాయావి.

"ఎందుకు చంపుతాను? ఇది చేపలు తిని బతికే పిట్ట. ఇకనుంచి గువ్వలేటి ఒడ్డునే ఉంటుంది. ఏరు ఎండితే ఇది ఉండదు. ఇది లేకపోతే నువ్వుండవు. మూత తీస్తావా, మానుతావా?"

మాయావి పరుగున వెళ్ళి మూత తీశాడు. ఏడు వాగులూ గలగలా దిగాయి. దిగువన జనం ఏటికి దణ్ణం పెట్టి, నీళ్ళలో కూర్చుని ఏడ్చారు, నవ్వారు.

మణికేతుడు నాంచారిని అడిగి పెళ్ళాడాడు. పెద్దవాడు తెచ్చిన సముద్రపు నీళ్ళు ఎండబెట్టి, ఆ ఉప్పుతో పెళ్ళికి ఊరగాయ పెట్టారు. రెండోవాడి బావి వానాకాలంలో నిండింది లెండి. మణికేతుడూ నాంచారీ చాలాకాలం చల్లగా ఏలారు.

మాయావి మాత్రం ప్రాణభయంతో రోజూ ఊటల్లో ఆకులు తీసేవాడు, బాటమీద ముళ్ళు ఏరేవాడు. ఒకనాడు బాటన వచ్చిన ముసలమ్మ నీళ్ళు తాగి, "నీ పుణ్యాన బతికాం తండ్రీ" అంది. ఆ రోజంతా వాడికి పిట్ట సంగతే గుర్తురాలేదు.