కొండమ్మ ముడి

కొండమ్మ మంచం దగ్గర పని తనకు వద్దని చెప్పడానికి ఫిలోమిన రెండు రోజులుగా మాటలు కూడగట్టుకుంటోంది. మూడో రోజు పొద్దున కొండమ్మ తోసేసిన గిన్నెడు రాగిజావ తన తెల్లచీర మీద పడ్డాక ఇక మాటలు వెతుక్కోలేదు. ఆ మరకతోనే వెళ్లి మదర్ ఇన్నాసమ్మ ముందు నిలబడింది.

ఒంగోలుకు అవతల, సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఉంది ఆ కన్యాస్త్రీల మఠం. దిక్కులేని ముసలివాళ్లను పద్దెనిమిది మందిని అక్కడ చూసుకుంటారు. ఫిలోమిన వచ్చి ఏడాదిన్నర అయింది. ఈస్టరుకు ఆమె తొలి మాటపట్టు. బతుకంతా ఇలాంటివాళ్ల సేవలో ఉంటానని ఆ రోజు దేవుడి ముందు మాట ఇవ్వాలి.

కొండమ్మ వచ్చి రెండు నెలలు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. తినమంటే తినదు. ఒళ్లు తుడవబోతే కసురుతుంది. ఎవరేం చేసినా వంక పెడుతుంది. ఇదంతా చెప్పి, ఫిలోమిన తల వంచుకుంది.

"పదిహేడు మందిని ప్రేమించగలను మదర్. ఆమెను నావల్ల కాదు. ఈ మనసుతో ఈస్టరుకి మాట ఎట్లా ఇవ్వను?"

మదర్ ఆ మరక వంక చూసింది. గుడి తలుపుకు కట్టే దండ ఎందాకా వచ్చిందని అడిగింది.

ఆ ప్రశ్నతో ఫిలోమిన ముఖం ఇంకా చిన్నబోయింది. మర్నాడే క్రిస్మస్ ముందురోజు. ఏటా బజారు నుంచి తెచ్చే ప్లాస్టిక్ దండ వద్దని, ఈసారి తోటలో దొరికే ఆకుతోనే గుండ్రటి దండ కట్టమని మదర్ ఆమెకు అప్పజెప్పింది. తిప్పతీగ వంచి చక్రంలా చుట్టడం వరకూ బాగానే వచ్చింది. దాని చుట్టూ సరుగుడు రెమ్మలు, క్రోటన్ ఆకులు కట్టి తగిలిస్తే, మధ్యాహ్నానికల్లా సగం కింద రాలి ఉండేవి. అలా మూడుసార్లు అయింది.

"ఆ ఆకుల బుట్ట తీసుకుని రా" అని మదర్ లేచింది.

ఆమె నేరుగా ముసలివాళ్ల గదిలోకే నడిచింది. కొండమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మదర్ ఇన్నాసమ్మకు అరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు. మంచం పట్టె పట్టుకుని మెల్లగా కిందికి దిగి, గచ్చు మీద కూర్చుంది.

"అక్కా, ఒంగోలు బస్టాండు ముందు నలభై ఏళ్లు పూలు కట్టావంట. ఈ ఆకు నిలవడం లేదు. కాస్త నేర్పు."

కొండమ్మ పూలమ్మిందని ఫిలోమినకూ తెలుసు. తెలిసీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

కొండమ్మ చాలాసేపు కదల్లేదు. మదర్ అడిగింది మళ్లీ అడగలేదు, లేచి వెళ్లనూ లేదు. అరటినార తీసుకుని రెండు రెమ్మలు కలిపి కట్టడం మొదలుపెట్టింది. ఆ నార చప్పుడుకు కొండమ్మ తల ఇటు తిప్పింది.

"అదేం ముడి? గేదెను కడతన్నావా?"

మదర్ విప్పింది. మళ్లీ కట్టింది. అంత బిగిస్తే కాడ తెగుద్దని కొండమ్మ కసిరింది. మళ్లీ విప్పింది. ఈసారి వదులైంది. నార కాలి బొటనవేలికి తగిలించుకుంటే గానీ బిగువు కుదరదని కొండమ్మ అంటే, మదర్ చెప్పు విడిచి వేలికి తగిలించుకుంది. చుట్టూ ఉన్న ముసలివాళ్లు మంచాల మీద లేచి కూర్చుని చూస్తున్నారు. బిషప్పుగారు వచ్చినా కుర్చీలో తొణక్కుండా కూర్చుని మాట్లాడే మదర్ అలా కాలికి నార కట్టుకుని తిట్లు తింటుంటే, ఫిలోమినకు ఎటు చూడాలో తెలియలేదు.

ఏడుసార్లు విప్పింది మదర్. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విప్పిన ప్రతిసారీ కొండమ్మ ముఖంలోకి చూసి, ఆమె చెప్పేదాకా ఆగింది.

ఎనిమిదోసారి కొండమ్మే ఎడమచెయ్యి చాచి నార అందుకుంది. ఒకటే చెయ్యి, మిగిలిన పని పళ్లతో. ముడి ఎలా తిప్పాలో చూపించింది. ఒక్కో గుత్తీ దాని ముందు గుత్తి కాడల్ని కప్పాలంది. పచ్చదనం ఒక్కటే ఉంటే కన్ను నిలవదు, పెరట్లో పండిన దొండకాయలుంటే తెమ్మంది. ఫిలోమిన పరుగున వెళ్లి ఎర్రటి దొండపండ్లు దోసెడు కోసుకొచ్చింది. మధ్యమధ్యలో మరువం దూర్చమంది. గాలికి మంచి వాసన వస్తుందట.

దండ పూర్తయ్యేసరికి రెండు దాటింది. అన్నం కంచం ఎవరో పక్కన పెట్టారు. కొండమ్మ దండను అటూ ఇటూ తిప్పి చూస్తూ, తప్పులు చెబుతూ, ఎడమచేత్తో ఆ అన్నమంతా తినేసింది. ఎవరూ బతిమాలలేదు. తిన్న సంగతి ఆమెకే తెలిసినట్టు లేదు.

ఆ సాయంత్రం గుడి తలుపు మీద దండ చూసి ఊళ్లో ఆడవాళ్లంతా ఆగి ఆగి వెళ్లారు. ఎక్కడ కొన్నారని అడిగారు.

రాత్రి సముద్రం వైపు నుంచి గట్టి గాలి కొట్టింది. తెల్లవారి ఫిలోమిన గుడి తుడవడానికి వచ్చేసరికి మదర్ అప్పటికే తలుపు దగ్గర ఉంది. దండలో ఒక సరుగుడు గుత్తి ఊడి వేలాడుతోంది. మదర్ ప్రార్థన పుస్తకం చంకలో పెట్టుకుని, వేలాడే నార రెండు వేళ్లతో అందుకుని, ఇలా తిప్పి అలా లాగింది. రెప్పపాటులో గుత్తి దాని చోట కూర్చుంది. కాలి వేలు అక్కర్లేకపోయింది. చూసుకోను కూడా లేదు.

ఫిలోమిన చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది.

"మదర్, మీకు ఇది వచ్చా?"

"మా అమ్మ చీరాల్లో పూలు కట్టేది. ఏడో ఏట నుంచి ఆమె పక్కనే కూర్చుని కట్టాను."

"మరి నిన్న..."

"ఇది మా అమ్మ ముడి" అంది మదర్. "కొండమ్మ ముడి వేరు. అది నాకింకా సరిగా రాలేదు."

పుస్తకం చేతిలోకి తీసుకుని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఫిలోమిన దండ దగ్గరికి వెళ్లి ముడులను వేలితో తడిమి చూసింది. నిజంగానే రెండు రకాలు. ఒకటి కుడికి తిరిగి ఉంది, మిగిలినవన్నీ ఎడమకి. చీపురు గోడకు ఆనించి తోటలోకి వెళ్లింది. నాలుగు సరుగుడు రెమ్మలు విరిచింది. అరటిదొప్ప చీల్చి నార తీసి తడిపింది.

కొండమ్మ మెలకువగానే ఉంది. ఫిలోమిన గచ్చు మీద కూర్చుని నార ఆమెకు అందించింది.

కొండమ్మ నార వేళ్ల మధ్య నలిపి చూసింది.

"తడి చాల్లా. పో, మళ్లా తడుపుకురా."

ఫిలోమిన లేచి బావి దగ్గరికి వెళ్లింది.