పాఠం కంఠస్థం చేసిన పులి

అనగనగనగా ఒక అడవి. అలాంటిలాంటి అడవి కాదు పిల్లలూ! అందులో చెట్లు ఎంత పొడుగంటే, చిటారుకొమ్మల్లో చందమామ చిక్కుకుపోయేవాడు. రెండుసార్లు నేనే కర్ర పెట్టి విడిపించాను. ఏమిట్రా ఆ నవ్వు? నమ్మకపోతే చందమామనే అడుగు. ఆ మచ్చ నా కర్ర తగిలిందే!

ఆ అడవిలో, వాగు ఒడ్డున, ఒక బడి ఉండేది. బడికి పంతులు ఒక కొండముచ్చు. పేరు కొమ్మయ్య మాస్టారు. నల్లటి మొహం, తెల్లటి గడ్డం, తనకంటే పొడుగైన తోక.

బడిలో ముగ్గురే పిల్లలు. మొదటివాడు గలగల. వాడు ముళ్ళపంది పిల్ల. కాస్త కదిలితే చాలు, వాడి ముళ్ళు గలగలమనేవి. రెండోది నెమ్మది. అది తాబేలు పిల్ల. సోమవారం బడికి బయల్దేరితే మంగళవారానికి చేరేది. మూడోవాడు నక్కపిల్ల ఎందుకయ్య. ఏం చెప్పినా "ఎందుకు?" అంటాడని వాళ్ళమ్మ విసిగిపోయి ఆ పేరే ఖాయం చేసింది.

ఆ బడిలో పాఠం ఒక్కటే.

"పులి వస్తే చెట్టెక్కాలి!"

మాస్టారికి వాళ్ళ తాత చెప్పిన పాఠం అది. ఆ తాతకి వాళ్ళ తాత చెప్పింది. కొండముచ్చులకి అంతకంటే మంచి పాఠం లేదు. పిల్లలు దాన్ని రోజుకు నూటెనిమిదిసార్లు అరవాలి. ఆ కేకలకి నాలుగు కొండల అవతల మా పెరట్లో కుండలు పగిలేవి.

అరవడం అయ్యాక, బడి ముందున్న వెలగచెట్టు ఎక్కాలి. గలగల ఎక్కబోతే ముళ్ళు కొమ్మల్లో ఇరుక్కునేవి. నెమ్మది ఎక్కబోయి వెల్లకిలా పడితే, మళ్ళీ తిప్పడానికి ఇద్దరు కావాలి. ఎందుకయ్య చెట్టు కిందే నిలబడి అడిగేవాడు.

"మాస్టారూ, మేం చెట్టే ఎందుకెక్కాలి?"

"నోర్ముయ్! పాఠం అంటే పాఠమే! ఒరేయ్ గలగలా, ఆ చప్పుడు ఆపు!"

ఇక పులి సంగతి చెప్తాను. ఆ పులి ఎంత పెద్దదంటే, అది ఆవలిస్తే మబ్బులు దాని నోట్లోకి పోయేవి. అది పగలంతా బడి వెనక పొదలో పడుకునేది. పాపం, రోజూ పాఠం వినేది. వినగా వినగా దానికీ నోటికొచ్చేసింది. స్నానం చేస్తూ "పులి వస్తే చెట్టెక్కాలి" అనేది. గురక పెడుతూ కూడా అదే అనేది. కొన్నాళ్ళకి దానికి అర్థం కూడా తెలిసింది.

"ఓహో! అయితే నేను వస్తే వీళ్ళంతా ఆ చెట్టు దగ్గరికి వస్తారన్నమాట! మరి వీళ్ళ వెంట పడి పరుగెత్తడం దేనికి? చెట్టు కింద కూర్చుంటే పోలా?"

ఒకరోజు పొద్దున్నే పొదలోంచి "గాండ్ర్‌ర్!" అంది. అని, గబగబా వెళ్ళి వెలగచెట్టు మొదట్లో కూర్చుంది.

పిల్లలు "పులి వస్తే చెట్టెక్కాలి! పులి వస్తే చెట్టెక్కాలి!" అని అరుస్తూ, తిన్నగా పులి దగ్గరికే పరుగెత్తారు.

"రండి రండి," అంది పులి. "ఇంత ఆలస్యమైందేం?"

ఎందుకయ్య తోక మీద పులి పంజా పడింది. గలగలకి కాళ్ళు కదల్లేదు. నెమ్మది ఇంకా దారిలోనే ఉంది. కొమ్మయ్య మాస్టారు అప్పటికే పైకొమ్మ ఎక్కేశాడు. చేతికందిన వెలగకాయ కోసి విసిరాడు. అది ఎంత కాయనుకున్నారు? మా వంటింటి కంటే పెద్దది! తిన్నగా పులి ముక్కు మీద పడింది. ముక్కు సొరకాయంత వాచింది.

పులి ఎందుకయ్య తోక వదిలేసి ముక్కు పట్టుకుంది.

"వాపు తగ్గాక వస్తాను! ఈసారి ముగ్గురినీ తినే పోతాను!" అంది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "మాస్టారూ, ఈలోగా పాఠం మాత్రం మార్చకండి. చాలా కష్టపడి నేర్చుకున్నాను!"

పులి వెళ్ళిపోయాక మాస్టారు చెట్టు దిగి కూలబడ్డాడు.

"అయ్యో! నా పిల్లల్ని నా పాఠమే పులికి వడ్డించబోయిందే!" అని కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. "సరే! కొత్త పాఠం! చెప్పండర్రా, పులి వస్తే వాగులో దూకాలి!"

"మాస్టారూ," అన్నాడు ఎందుకయ్య, తోక ఊదుకుంటూ. "అదీ పులి వింటుంది కదా? అప్పుడు వాగులో కూర్చుంటుంది."

"అయితే పులి వస్తే గుహలో దూరాలి!"

"గుహ అయితే దానికి ఇంకా సుఖం కదండీ. అది ఉండేదే అక్కడ."

మాస్టారు ఎందుకయ్య ఎదురుగా చతికిలబడ్డాడు.

"మరేం చెయ్యమంటావురా?"

"మా అందరికీ ఒకే జవాబు ఉంటే, పులికి ఆ ఒక్కటి తెలిస్తే చాలు కదా మాస్టారూ?"

మాస్టారు చేతిలో బెత్తం వాగులోకి విసిరేశాడు.

"సరేరా. పులి వస్తే ఏం చెయ్యాలో ఎవరికి వాళ్ళే తేల్చుకోండి. నేను చెప్పను. పులిలా నటిస్తాను. మీ జవాబు నా మీద పరీక్షించుకోండి."

పిల్లలు బిక్కమొహం వేశారు.

"ఏం చెప్తే మార్కులు వేస్తారు మాస్టారూ?" అన్నాడు గలగల.

"ఆలోచించడం కూడా మేమేనా అండీ?" అంది నెమ్మది.

మాస్టారికి జవాబు చెప్పేయాలని నాలుక దురద పుట్టింది. అందుకని తన తోక తనే నోట్లో కుక్కుకున్నాడు. పళ్ళతో గట్టిగా పట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవరు జవాబు అడిగినా "మ్మ్! మ్మ్!" అని తల ఊపడమే.

గలగల ముందుకొచ్చాడు. "నేను కళ్ళు మూసుకుంటాను మాస్టారూ. అప్పుడు పులి ఉండదు."

మాస్టారు ఒళ్ళంతా బురదతో చారలు గీసుకుని, "గాండ్ర్‌ర్!" అంటూ దూకాడు. కళ్ళు మూసుకున్న గలగల హడలిపోయాడు. వాడి ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని గలగలగలగలమన్నాయి. మరుక్షణం మాస్టారు చెట్టు చివర ఉన్నాడు!

"మాస్టారూ, మీరెందుకెక్కారు?" అన్నాడు గలగల, కళ్ళు తెరిచి.

"ఏమోరా! ఆ చప్పుడుకి నాకే వణుకు పుట్టింది!"

గలగల మొహం వెలిగిపోయింది. "అయితే నేను చప్పుడు నేర్చుకుంటాను!"

ఏడాదిగా "చప్పుడు ఆపు" అన్న మాస్టారు, రెండు చెవుల్లో రెండు ఆకులు పెట్టుకుని "కానీ" అన్నాడు.

నెమ్మది రెండు రోజులు ఆలోచించింది. దానికి ఏ పనికైనా రెండు రోజులు పడుతుంది.

"మాస్టారూ, పులి వచ్చాక పరుగెత్తడం నా వల్ల కాదు. అందుకని పులి రాకముందే బయల్దేరతాను. రోజూ వాగు మధ్యలో కూర్చునే పాఠం వింటాను."

"బడి అంటే ఒడ్డున కదే కూర్చునేది?"

"నీళ్ళలో కూర్చుంటే వినపడదా అండీ?"

మాస్టారు మళ్ళీ తోక నోట్లో కుక్కుకున్నాడు.

ఎందుకయ్య మాత్రం నవ్వుతూ వచ్చాడు. "నేను పులిని ప్రశ్నలడుగుతాను."

మాస్టారు జవాబు చెప్పలేదు గానీ, తిరిగి ఒక ప్రశ్న వేశాడు. "నీ ప్రశ్న వినకుండానే పులి నోరు తెరిస్తే?"

ఎందుకయ్య నవ్వు ఆగిపోయింది. మూడు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు. నాలుగో రోజు ఒక బొరియ తవ్వడం మొదలుపెట్టాడు. "లోపలుండి అడుగుతాను. అటువైపు ఇంకో దారి కూడా ఉంటుంది." మొదటి బొరియ కూలింది. రెండోదాంట్లోకి నీళ్ళొచ్చాయి. మూడోది నిలబడింది. ఎవరూ చెప్పకుండా వాడు తవ్విన మట్టి మూడు కొండలైంది. ఆ కొండలెక్కే కదా నేను కాశీ ఎటుందో చూసింది!

ఈలోగా పులి, ముక్కుకి ఆకు కట్టుకుని, పాఠం ఒకసారి నెమరు వేసుకుందామని పొదలోకి వచ్చింది. చూస్తే, ఒకడు గలగలలాడుతున్నాడు, ఒకడు మట్టి తవ్వుతున్నాడు, ఒకత్తి నీళ్ళలో ఉంది. పంతులు తోక నములుతున్నాడు.

"ఇవాళ బడి లేదు కాబోలు. అంతా గోల," అనుకుని వెళ్ళిపోయింది.

వాపు తగ్గింది. పులి వచ్చింది. "గాండ్ర్‌ర్!" అని, తిన్నగా వెళ్ళి వెలగచెట్టు కింద కూర్చుంది.

ఎవరూ రాలేదు.

"ఏయ్! పులి వచ్చింది! చెట్టెక్కండి!" అని అరిచింది. అయినా ఎవరూ రాలేదు.

వాగు మధ్యలోంచి నెమ్మది తల పైకెత్తింది. "నేను పొద్దున్నే బయల్దేరానండీ."

"నేను రాకముందే పారిపోవడమేమిటి? తప్పు! తప్పు జవాబు!" అని పులి గలగల మీదికి దూకింది. గలగల కళ్ళు మూసుకోలేదు. వెనక్కి తిరిగి, ఒళ్ళంతా ఆడించాడు. గలగలగలగల! ఏడు అడవులు దద్దరిల్లాయి. మూడు ముళ్ళు పులి ముక్కులో దిగాయి.

"అమ్మో! ఇది పాఠంలో లేదు!" అంటూ పులి వెనక్కి గెంతింది. గెంతి గెంతి ఎందుకయ్య బొరియ ముందు పడింది. పంజా లోపలికి పెట్టింది. జానెడు దూరంలో ఆగిపోయింది.

చెట్టు మీద మాస్టారు కిందికి వంగి చూశాడు.

"పులి మామా," అన్నాడు లోపల్నుంచి ఎందుకయ్య. "నీకు పాఠం వచ్చటగా? ఏదీ, అప్పజెప్పు."

చదువు మాటెత్తితే పులికి ఎక్కడలేని గర్వం. అది చేతులు కట్టుకుని నిలబడింది. "పులి వస్తే చెట్టెక్కాలి!"

"పులి వచ్చిందా?"

"రాకపోవడమేమిటి? నేనే కదా పులిని!"

"మరి చెట్టెందుకెక్కలేదు?"

పులి కళ్ళు మిటకరించింది. ఇటు చూసింది, అటు చూసింది. "అవును సుమీ! ఎందుకెక్కలేదు?" అని గబగబా వెలగచెట్టెక్కింది. మాస్టారు పక్కచెట్టు మీదికి గెంతేశాడు. వెలగముళ్ళు గుచ్చుకుంటున్నా, పులి పైకి, ఇంకా పైకి, మబ్బుల్లోకి పోయింది. అక్కడ కిందికి చూసింది. అంతే, కళ్ళు తిరిగాయి.

"మాస్టారూ! దిగడమెలా? పాఠంలో దిగడం లేదే!"

"నువ్వే ఆలోచించుకో నాయనా," అన్నాడు మాస్టారు. "ముందు కాళ్ళా, ముందు తోకా?"

పులిని ఇంతవరకు ఎవరూ ఆలోచించమని అడగలేదు. అది ఆ కొమ్మ మీదే మూడు రోజులు ఏడుస్తూ కూర్చుంది. నాలుగో రోజు "ముందు తోక!" అంది. తోక ముందు, తల వెనక, దబీమని వాగులో పడింది. ఆ నీళ్ళు ఎగిరి మా ఊరి మీద రెండు రోజులు వానై కురిశాయి. పులి ఈదుకుంటూ అవతలి కొండలకి పోయింది. ఇటు మళ్ళీ తొంగి చూడలేదు.

మాస్టారు చెట్టు దిగాడు. బడి ముందు ఒక్క పిల్ల కూడా కనబడలేదు. ఆయన గొంతు సవరించుకుని పేర్లు పిలిచాడు.

"నెమ్మదీ!"

"ఉన్నానండీ!" వాగులోంచి వినబడింది.

"గలగలా!"

పొద వెనక నుంచి ముళ్ళ చప్పుడు.

"ఒరేయ్ ఎందుకయ్యా!"

జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. అప్పుడు ఆయన కాళ్ళ దగ్గరే మట్టి కదిలింది. అందులోంచి ఒక ముక్కు బయటికొచ్చింది.

"ఎందుకు పిలుస్తున్నారు మాస్టారూ? మూడో దారి తవ్వుకుంటున్నాను కదా!"

నీతి: బట్టీ పట్టిన జవాబు పులికైనా వస్తుంది, తనంతట తాను వెతుక్కున్న జవాబే ఆపదలో అక్కరకొస్తుంది.